కత్తెరక్క ఒప్పుకోని ఆఖరి ఇరవై పేజీలు

ఆవిడకు ఆ పేరు పడడానికి కారణాలు రెండు. ఒకటి, చేసే పని. బజారు మలుపులో కళ్ళజోళ్ళ దుకాణం పైన, మేడమీద, ఆడవాళ్ళకు జుట్టు కత్తిరించే సెలూన్ ఆవిడది. రెండు కుర్చీలు, రెండు అద్దాలు, తల కడగడానికి ఒక తొట్టి, వంతు కోసం కూర్చునేవాళ్ళకు గోడవారన బెంచీ. రెండో కారణం ఆవిడ నోరు. "ఈ కటింగ్ నాకు నప్పుతుందా అక్కా?" అని ఎవరైనా అడిగితే, నప్పదనుకుంటే నప్పదనే చెప్పేది. అడిగినావిడ మూతి ముడుచుకుని మెట్లు దిగిపోయినా సరే. దిగిపోయినవాళ్ళలో చాలామంది నెల తిరక్కుండా మళ్ళీ ఎక్కి వచ్చేవారు. రానివాళ్ళ గురించి ఆవిడ బెంగ పెట్టుకునేది కాదు.

పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగే ధైర్యం చుట్టాల్లో ఒకరిద్దరికి ఉండేది గానీ, జవాబు విన్నాక రెండోసారి అడిగినవాళ్ళు లేరు. వాళ్ళమ్మా ఆవిడా సెలూన్ వెనకాల ఉన్న రెండు గదుల్లో ఉండేవారు.

ఆవిడ కన్నా రెండేళ్ళు చిన్నది చెల్లెలు. ఈ అక్కాచెల్లెళ్ళను కలిపి కట్టేసింది రక్తసంబంధం ఒక్కటే కాదు, ఒక దయ్యాల పుస్తకాల వరస కూడా. దాని పేరు "పోయిన సామాన్ల గది", రాసేది ఒక రచయిత్రి. చెల్లెలు బడిలో ఉండగా మొదటి భాగం వచ్చింది. అక్కణ్ణించి ఏడాదికొకటి చొప్పున, ఒక్కో ఏడు రెండు చొప్పున వస్తూనే ఉన్నాయి. ఒక పెద్ద రైల్వే స్టేషన్లో, ప్రయాణికులు మరిచిపోయిన సామాన్లు భద్రపరిచే గది ఉంటుంది. అందులో ఒక గుమాస్తా. ఆవిడ కౌంటరు ముందుకు బతికున్నవాళ్ళతో పాటు చనిపోయినవాళ్ళు కూడా వచ్చి వరసలో నిలబడతారు. ఏం పోయింది, ఎక్కడ పోయింది, ఎలా ఉంటుంది అని గుమాస్తా అడగాలి. వాళ్ళు చెప్పాలి. వస్తువు దొరికితే తీసుకుని వెళ్ళిపోతారు. దొరక్కపోతేనే కథ.

ఈ వరస మొత్తానికీ పునాదిలాంటి నియమం ఒకటుంది. బతికుండగా తెలియని సంగతి చనిపోయాక కూడా తెలియదు. చనిపోయినవాళ్ళకు దివ్యదృష్టేమీ రాదు. తాళంచెవి ఎక్కడ పారేసుకున్నాడో బతికుండగా తెలియనివాడు, దయ్యమయ్యాక కూడా తల గోక్కుంటూనే నిలబడతాడు. కత్తెరక్కకు ఈ వరస మీద అంత మోజు ఉండడానికి ఆ నియమమే కారణం. "మిగతా దయ్యాలన్నీ సర్వజ్ఞులే. ఈ పుస్తకాల్లో దయ్యాలు మాత్రం మనలాంటి మొద్దులు. అందుకే వాటిని నమ్ముతాను" అనేది.

చెల్లెలి చదువు వేరు, అక్క చదువు వేరు. చెల్లెలు పుస్తకం పట్టుకుంటే గుక్క తిప్పుకోకుండా చదివేసి, కళ్ళు వాచేలా ఏడ్చి, ఇంతకన్నా గొప్ప పుస్తకం పుట్టబోదని తీర్పు చెప్పేది. అక్క ఒక తలకీ ఇంకో తలకీ మధ్య దొరికిన సందులో నాలుగేసి పేజీలు చదివేది. చదవడం అయ్యాక ఇద్దరూ సెలూన్లో ఎదురెదురుగా కూర్చునేవారు. ఇక చూడాలి. కుర్చీలో తల వంచుకుని కూర్చున్న మనిషికి ఇద్దరి అరుపులకూ చెవులు చిల్లులుపడేవి.

"పదకొండో భాగంలో ఆ ముసలాయన గడియారం ఘట్టం చదివి నీకు ఏడుపు రాలేదంటే నువ్వు మనిషివి కాదే అక్కా!"

"ఏడుపు వచ్చింది. వచ్చినా ఆ ఘట్టం సాగదీసిందనే అంటాను. రెండూ నిజమే."

"నీ మొహం. నువ్వు సరిగ్గా చదవలేదు."

చెల్లెలి వాదనంతా చివరికి ఆ మాట దగ్గర ఆగేది. అక్క కోపంతో కత్తెర గాల్లో ఆడించేది. వాళ్ళమ్మ వెనక గదిలోంచి, "కుర్చీలో మనిషుందే, చెవి కోసేస్తావ్!" అని కేకేసేది.

చెల్లెలి భర్త బస్సు డిపోలో టైమ్ కీపరు. నెమ్మదైన మనిషి. పెళ్ళయిన కొత్తలో భార్య మాటలు అర్థం కావాలని మొదటి భాగం తెరిచి, ఆవిడ కన్నా గట్టి భక్తుడైపోయాడు. భార్యాభర్తలు కలిసి లైబ్రరీ పైనున్న హాల్లో ఆ పుస్తకాలు చదివేవాళ్ళ కూటమి ఒకటి మొదలుపెట్టారు. నెలకోసారి కలిసేవారు. పదవీ విరమణ చేసిన ఒక బ్యాంకు మేనేజరు గారు అధ్యక్షుడు. మరిది కార్యదర్శి. చెల్లెలు వచ్చినవాళ్ళందరికీ టీ పోస్తూ, ఒప్పుకోనివాళ్ళతో పోట్లాడుతూ ఉండేది.

కిందటేడు వానాకాలంలో చెల్లెలు పోయింది. మూత్రపిండాలు పాడయ్యాయి. ఆసుపత్రి మంచం మీద కూడా ఇద్దరూ ముప్పయ్యో భాగం గురించి కీచులాడుకున్నారు. అది అన్నిటిలోకీ గొప్పదని చెల్లెలు, సగం తీసేస్తే బాగుపడేదని అక్క. "ఇవాళ ఓపిక లేదు. రేపు రా, నీ పని చెప్తా" అంది చెల్లెలు. ఆ రేపు రాలేదు. అంతే. అందులో అక్క తప్పూ లేదు, చెల్లెలి తప్పూ లేదు. వాదన మధ్యలో తెగింది, అంతకుమించి ఏమీ లేదు. కానీ చూసినవాళ్ళు అలా అనుకోలేదు. పోయేముందు పాపం గొడవపడ్డారట అని ఒకరంటే, మనసులో ఎంత బాధపడుతోందో అని ఇంకొకరు. ఆ జాలి చూపులు కత్తెరక్కకు ఒళ్ళంతా దురదగొండాకు రాసినట్టు ఉండేవి.

ఏడాది తిరిగే సమయానికి ఆ వరసలో కొత్త పుస్తకం వచ్చింది. పూర్తి భాగం కాదు. ముప్పయ్యో భాగానికీ ముప్పయ్యొకటో భాగానికీ మధ్య వచ్చిన చిన్న నవల. పేరు "రెండో గొడుగు". ఎప్పుడో పంతొమ్మిదో భాగంలో చనిపోయిన గుమాస్తా చెల్లెలు ఈ పుస్తకంలో కౌంటరు ముందుకొస్తుంది. అప్పట్లో చెల్లెలు జ్వరంతో పోతుంటే గుమాస్తా కౌంటరు వదిలి వెళ్ళలేదు. ఆ బరువు పదకొండు భాగాలుగా మోస్తూనే ఉంది.

ఇక చూసుకోండి. ఎవరు మేడ మెట్లెక్కినా చేతిలో ఆ పుస్తకమే. "అక్కా, ఇది నీకోసమే రాసినట్టుంది." "చదివి ఒక్కసారి తనివితీరా ఏడువమ్మా." చివరికి వాళ్ళమ్మ కూడా అంది.

"చదవవే. మనసు తేలికపడుతుందట."

"నా మనసు బరువుగా ఉందని ఎవరన్నారు?"

"చెల్లెలు పోతే బరువుగా ఉండదా?"

"ఉంటుంది. ఉండనీ. దింపమని నేను ఎవర్నీ అడగలేదు."

అయినా చదివింది. చదవకుండా ఎలా ఉంటుంది? మొదటి పేజీ నుంచే లొంగిపోయింది. కథంతా ఒకే గదిలో, వాన కురిసే ఒక్క పగలు. చనిపోయిన చెల్లెలు గాలిలో తేలుతూ రాలేదు, తెల్లచీర కట్టుకుని రాలేదు. వరసలో అందరి వెనకా నిలబడింది. ముందున్నాయన ఆలస్యం చేస్తున్నాడని విసుక్కుంది. తన వంతు వచ్చాక, "ఏం పోయింది?" అని గుమాస్తా అడిగితే, "గొడుగు" అంది. "ఎలా ఉంటుంది?" అంటే, "నువ్వు నా దగ్గర కాజేసిందే, తెలియనట్టు అడుగుతావేం?" అంది. గొడుగు ఎవరిదన్న దాని మీద ఇద్దరూ పుస్తకంలో సగం దాకా తగువులాడుకుంటారు. పక్క కౌంటరు ఆయనకు ఆ చెల్లెలు కనబడదు. గుమాస్తా గాలితో పోట్లాడుతోందని అతను భయపడి కుర్చీ దూరంగా జరుపుకుంటాడు. అంతకుమించి భయపెట్టే సంగతే లేదు. అయినా కత్తెరక్క ఒళ్ళు గగుర్పొడిచింది. చనిపోయిన మనిషిని దేవతను చేయకుండా, ఉన్నప్పటి పెంకెతనంతో అలాగే నిలబెట్టిన పేజీలు అవి. ఎవరికో జుట్టుకు రంగు వేసి, అది పట్టేలోపు చదువుతూ, టైము మరిచిపోయింది. ఆ మనిషి జుట్టు అనుకున్నదానికన్నా రెండు ఛాయలు నల్లబడింది.

ఆఖరి ఇరవై పేజీలకు వచ్చేసరికి ముఖం మాడిపోయింది. కొట్లాటలోంచి ఉన్నట్టుండి చెల్లెలు మెత్తబడుతుంది. "ఆ రోజు నువ్వు ఎందుకు రాలేదో నాకు తెలుసు. నీ మనసులో ఏముందో అంతా చూశాను. నీ తప్పేం లేదు. నేనెప్పుడూ నీ పక్కనే ఉన్నాను" అంటుంది. ఆ వెంటనే, పన్నెండో భాగంలో రైలు కింద పడి పోయిన దుర్మార్గపు స్టేషన్ మాస్టరు తలుపు బద్దలుకొట్టుకుని వస్తాడు. చనిపోయినవాళ్ళ కోసం వేరే ప్లాట్‌ఫారం ఉందంటాడు, దానికో ద్వారం, ద్వారానికి కాపలాదార్లు. ఇంతవరకూ ఏ భాగంలోనూ వినని సంగతులు. గొడుగు పట్టుకుని చెల్లెలు పరుగెడుతుంది, ద్వారం తెరుచుకుంటుంది, పుస్తకం అయిపోతుంది. ద్వారం వెనక ఏముందో ముప్పయ్యొకటో భాగంలో చదువుకోవాలి.

కత్తెరక్క పుస్తకాన్ని అద్దం కింది బల్ల మీద ఠప్పుమని కొట్టింది. తొట్టిలో తల పెట్టి పడుకున్నావిడ ఉలిక్కిపడి లేచి కూర్చుంది.

"ఏమైంది అక్కా?"

"ఏం కాలేదు. పడుకో. మంచి పుస్తకాన్ని ఆ రచయిత్రి చేతులారా పాడు చేసుకుంది."

ఆ సాయంత్రమే మరిది వచ్చాడు. చెల్లెలు పోయి ఏడాదైన సందర్భంగా కూటమిలో ఈ పుస్తకం మీద సభ పెడుతున్నామని, వదినగారు మాట్లాడాలని అడిగాడు.

"మాట్లాడతాను. కానీ ఉన్నదున్నట్టు మాట్లాడతాను. నాకు చివర నచ్చలేదు" అందావిడ.

మరిది నవ్వాడు. "మీకు ఏదైనా పూర్తిగా ఎప్పుడు నచ్చింది వదినా? తను ఎప్పుడూ అదే అనేది. మీ ఇష్టం వచ్చినట్టు మాట్లాడండి." అలా అన్నాడే గానీ, చెల్లెలి ఫొటో ముందు నిలబడ్డాక ఏ మనిషైనా మెత్తబడుతుందని లోలోపల అతని ధీమా.

హాలు నిండింది. బల్ల మీద చెల్లెలి ఫొటో, పక్కన "రెండో గొడుగు" ప్రతులు. మేనేజరుగారు నాలుగు మాటలు చెప్పి కత్తెరక్కను పిలిచారు. ఆవిడ కాగితమేమీ తెచ్చుకోలేదు. మొదటి సగాన్ని పొగిడింది, మామూలుగా కాదు. వాన చప్పుడు గురించి చెప్పింది. వరసలో నిలబడి విసుక్కునే దయ్యాన్ని ఇంతవరకూ ఎవరూ రాయలేదంది. ఇంత చిన్న పుస్తకంలో, ఒకే గదిలో, రెండు గొంతులతో ఇంత పట్టు నిలబెట్టడం ఆ రచయిత్రికి తప్ప ఇంకొకరికి చేతకాదంది. జనం తలలు ఊపారు. ముందు వరసలో మరిది కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇక ఆఖరి ఇరవై పేజీలు" అందావిడ. "అవి మోసం."

ఆవిడ ఆగకుండా చెప్పుకుపోయింది.

"చనిపోయినవాళ్ళకు బతికుండగా తెలియనిది తెలియదని ఇన్నేళ్ళుగా మనకు నేర్పింది ఈవిడే. మరి అక్క మనసులో ఏముందో ఆ చెల్లెలికి ఎలా తెలిసింది? అంతా చూశానంటుంది. ఎక్కణ్ణించి చూసింది? మనకు ఓదార్పు కావాలని, పెట్టిన నియమాన్ని తనే తుంగలో తొక్కింది. సరే, తొక్కింది. ఆ స్టేషన్ మాస్టరు ఎందుకొచ్చాడు? పన్నెండో భాగం చదవనివాడికి ఆయనెవరో తెలియదు. చదివినవాడికి ఆయనంటే విసుగు. చివరికి తలుపు తీసి, లోపలేముందో చూపించకుండా, రేపు రండి అని పంపేసింది. ఇది పుస్తకం ముగింపు కాదు, కొట్టుకు వేసిన బోర్డు."

మేనేజరుగారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, ఇవాళ సందర్భం..."

"సందర్భం నాకు తెలుసండీ. ఆ ఫొటోలో ఉన్నది నా చెల్లెలు. ఈ పుస్తకం చదివితే నా చెల్లెలు నన్ను క్షమించినట్టు అనిపిస్తుందని అందరూ చెప్తున్నారు. క్షమించడానికి ఏం జరిగిందని? మేం పోట్లాడుకున్నాం. ముప్పయ్యేళ్ళుగా పోట్లాడుకుంటూనే ఉన్నాం. అది వచ్చి 'నేనెప్పుడూ నీ పక్కనే ఉన్నాను' అంటే నేను నమ్మను. అది అలాంటి మాటలు మాట్లాడే మనిషి కాదు. ఇంత తియ్యటి చెల్లెలు నాకొద్దు."

వెనక వరసలోంచి ఒకాయన చప్పట్లు కొట్టాడు. రంగుల దుకాణం ఆయన. భార్యను తీసుకువెళ్ళడానికి వచ్చి, సభ అవ్వలేదని కూర్చున్నాడు. "భలే చెప్పావమ్మా! దయ్యాలూ భూతాలూ, ఇదంతా చెత్తేనని నేను మొదటి నుంచీ మా ఆవిడతో మొత్తుకుంటున్నా."

కత్తెరక్క ఆయన వైపు తిరిగింది. "మీరు ఒక్క భాగమన్నా చదివారా?"

"చదవక్కర్లేదు. పేరు చూస్తే తెలీదూ?"

"అయితే ఆ చప్పట్లు వెనక్కి తీసుకోండి. నేను తిట్టింది ఇరవై పేజీలను. ముప్పై పుస్తకాలను కాదు. చదివి, తిట్టాలనిపిస్తే రండి, ఇద్దరం కలిసి తిడదాం. చదవకుండా తిట్టేవాళ్ళతో నాకు పొత్తు లేదు."

ఆయన భార్య చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కానీ ఆ నవ్వు హాల్లో ఇంకెవరికీ అంటుకోలేదు. మరిది లేచి నిలబడ్డాడు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, అప్పుడూ పెంచలేదు.

"ఆ ఇరవై పేజీలు నేను రోజూ చదువుకుంటున్నాను వదినా. అవి ఉన్నాయని నిద్రపడుతోంది. ఇవాళ నా దగ్గర అవి కూడా లాగేసుకున్నారు."

ఫొటో తీసుకుని చంకలో పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు కత్తెరక్కను కూటమి వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు. సెలూన్‌కి వచ్చేవాళ్ళలో కొందరు మెట్లెక్కడం మానేశారు. ఎదురుపడితే పలకరించకుండా ఫోన్ చూసుకుంటూ పోయినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళమ్మ రెండు రోజులు ముభావంగా ఉండి, మూడో రోజు బయటపడింది.

"బాగుందని ఒక్క ముక్క అంటే నీ సొమ్మేం పోయేది?"

"బాగున్నంత మేరకు బాగుందన్నాగా."

"అల్లుడి ముఖం చూశావా? ఏడాదిగా ఒంటరిగా వండుకు తింటున్నాడు."

కత్తెరక్క ఆ ముఖం చూసింది. చూసి, తల కడిగే తొట్టి దగ్గర చాలాసేపు నీళ్ళు తిప్పి వదిలేసి నిలబడింది. బాధ లేక కాదు. కానీ ఆ బాధను అబద్ధంతో ఎలా తీర్చాలో ఆవిడకు తెలియలేదు.

వారం తర్వాత మేనేజరుగారే స్వయంగా మెట్లెక్కి వచ్చారు. మంచి మనిషి. బెంచీ మీద కూర్చుని మోకాళ్ళు రుద్దుకున్నారు. "నువ్వన్న వాటిలో కొన్ని నేనూ అనుకున్నవేనమ్మా. ఆ స్టేషన్ మాస్టరు నాకూ నచ్చలేదు. అయినా ఆ రోజు అనాల్సింది కాదు. పొరపాటైందని ఒక్క మాట గ్రూపులో పెట్టు, మళ్ళీ చేర్చుకుంటాం."

"మీకూ నచ్చలేదా?"

"నచ్చలేదు."

"మరి మీరెందుకు అనలేదు?"

మేనేజరుగారు నవ్వి మళ్ళీ మోకాళ్ళు రుద్దుకున్నారు.

"నేను మరిది దగ్గరికి వెళ్ళి, నిన్ను బాధపెట్టాను నాయనా అంటానండీ. అది నిజం. పుస్తకం గురించి పొరపాటుగా మాట్లాడానని మాత్రం అనను. అది నిజం కాదు. గ్రూపు లేకపోతే పోయింది, ఈ బెంచీ ఉంది" అందావిడ. ఆ మాట ప్రకారమే మరిది ఇంటికి వెళ్ళింది. అతను తలుపు తీశాడు, మంచినీళ్ళిచ్చాడు, కూర్చోమన్నాడు. "బాధపెట్టాను" అని ఆవిడ అంటే "సరే వదినా" అన్నాడు. ఆవిడ మంచినీళ్ళు తాగి వచ్చేసింది.

తర్వాతి ఆదివారం పొద్దున్నే సెలూన్ తలుపు తీసేసరికి మెట్ల మీద చెల్లెలి కూతురు కూర్చుని ఉంది. ఇంకో ఊళ్ళో మందుల కంపెనీలో ఉద్యోగం ఆ పిల్లకు. తల్లి పోయాక ఇంటికి రావడం తగ్గించింది. భుజానికి సంచీ, ఒళ్ళో "రెండో గొడుగు".

"నాన్న ఫోన్లో చెప్పాడు పెద్దమ్మా. నీ మీద కోపంతో వచ్చాను."

"రా, కూర్చుని కోప్పడు."

కుర్చీలో కూర్చుంది. జుట్టు వాళ్ళమ్మదే, దువ్వెనకు లొంగని రకం. కత్తెరక్క చివర్లు తడిపి చేతిలోకి తీసుకుంది.

"చనిపోయినవాళ్ళకు కొత్తగా ఏమీ తెలియదు, కాబట్టి ఆ చెల్లెలి మాటలు తప్పు అన్నావట. నియమం తెలుసు కదా నీకు. తెలిసీ, ఆవిడ నిజమే చెబుతోందని ఎందుకనుకున్నావు?"

కత్తెర ఆగింది. "అంటే?"

"ఆవిడకేం తెలియదు పెద్దమ్మా. ఏమీ చూడలేదు. అబద్ధం చెబుతోంది. అక్క అంతకాలం నుంచీ కుమిలిపోతోందని కౌంటరు దగ్గరే కనిపెట్టింది, తెలిసినట్టు నటించింది."

"అది నువ్వు కల్పించుకున్నది. పుస్తకంలో ఎక్కడుంది?"

పిల్ల పేజీ తీసి అద్దానికి ఆనించింది. "ఇక్కడ. 'గొడుగు పట్టీ గుండీ పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది.' ఆరో భాగంలో చిన్నప్పుడు అక్క డబ్బాలో బిస్కెట్లు తిని, తినలేదని చెప్పినప్పుడు ఏం చేసింది? జేబు గుండీ పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. అబద్ధం చెప్పినప్పుడల్లా అంతే. పంతొమ్మిదో భాగంలో కూడా, ఒంట్లో బాగానే ఉందని ఫోన్లో చెబుతూ అదే పని. నువ్వు సరిగ్గా చదవలేదు."

కత్తెరక్క పుస్తకం లాక్కుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఆ వాక్యం చదివింది. వెనక్కి తిప్పి చదివింది. లోపలి గదిలోకి వెళ్ళి ఆరో భాగం తెచ్చి చూసింది. గుండీ ఉంది. పిల్ల సగం తడిజుట్టుతో కుర్చీలో కూర్చుని ఎదురుచూస్తోంది. కిటికీ దగ్గర నుంచి మొదట నవ్వు వినబడింది, తర్వాత ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"గుమాస్తాకు తెలుసంటావా? అబద్ధమని?" అని అడిగింది, వెనక్కి తిరక్కుండానే.

"తెలుసు. 'అలాగే' అని ఊరుకుంది కదా. సగం పుస్తకం గొడుగు కోసం కొట్లాడిన మనిషి, అంత పెద్ద మాటకు ఒక్క ప్రశ్న వేయలేదు."

"వేయలేదు" అందావిడ. కాసేపటికి వచ్చి కత్తెర అందుకుంది. "సరే. ఇది నేను చూడలేదు. ఇది బాగుంది. చాలా బాగుంది. కానీ..."

"కానీ ఏంటి మళ్ళీ?"

"గుండీ పెట్టిన వాక్యం తర్వాత ఎన్ని వాక్యాలకు స్టేషన్ మాస్టరు వచ్చాడు?"

పిల్ల పేజీ చూసింది. "రెండు."

"చూశావా! ఇంత మంచి అబద్ధాన్ని చెప్పించి, అది మన చెవిలో పడేలోపు తలుపు బద్దలు కొట్టించింది. మనం ఊపిరి తీసుకోవాల్సిన చోట ఆ దరిద్రుడు బూట్లతో తొక్కేశాడు. ముందు వాడు అనవసరం అనుకున్నాను. కాదు, వాడు ఈ పుస్తకానికి చేసిన నష్టం నేననుకున్నదానికన్నా పెద్దది."

"అబ్బా, పెద్దమ్మా! వాడు లేకపోతే తర్వాతి భాగానికి దారెక్కడ?"

"దారి కోసం గది కూల్చుకుంటారా?"

మధ్యాహ్నం దాకా అరుచుకున్నారు. అన్నం తినమని అమ్మమ్మ రెండుసార్లు పిలిచి, మూడోసారి పిలవకుండా గుమ్మంలోనే నిలబడి విన్నది.

నెలసరి సమావేశం రోజున కత్తెరక్క లైబ్రరీ మెట్లెక్కింది. ఎవరూ పిలవలేదు. చెల్లెలి కూతురు వెంట ఉంది. జనం పక్కకు జరిగారు గానీ, ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు. మరిది టీ కప్పులు సర్దుతూ తలెత్తి చూసి, మళ్ళీ దించుకున్నాడు. మేనేజరుగారు ఏదో అనబోయేలోపే ఆవిడ నిలబడింది.

"పోయినసారి నేను మూడు తప్పులు పట్టాను. అందులో ఒకటి నా తప్పు. నియమం చెడలేదు. ఆ చెల్లెలికి ఏమీ తెలియదు. తెలిసినట్టు అబద్ధం చెప్పింది. గుండీ చూడండి." పేజీ చదివింది, ఆరో భాగం చదివింది. హాలంతా గుసగుసలాడింది. "ఇది నేను కనిపెట్టింది కాదు, మా పిల్ల కనిపెట్టింది. ఆ మాటలను తియ్యటి మాటలన్నాను. అదీ వెనక్కి తీసుకుంటున్నాను. మిగతా రెండు తప్పులూ వెనక్కి తీసుకోను. పైగా ఒకటి చేర్చడానికి వచ్చాను."

"ఇంకా చేరుస్తావా అమ్మా?" అన్నారు మేనేజరుగారు నీరసంగా.

"చేరుస్తానండీ." స్టేషన్ మాస్టరు బూట్ల సంగతి చెప్పింది. అంతకుముందు కన్నా గట్టిగా చెప్పింది. ఎవరు ముఖం ముడుచుకున్నారో, ఎవరు తల ఊపారో చూడలేదు.

అప్పుడు మరిది కప్పు కింద పెట్టాడు. "ఒప్పుకోను" అన్నాడు.

అందరూ అతని వైపు తిరిగారు. ఆ మనిషి కూటమిలో ఎన్నడూ ఎవర్నీ కాదన్న పాపాన పోలేదు.

"అది అబద్ధమైతే, స్టేషన్ మాస్టరు వెంటనే రావాలి. రాకపోతే గుమాస్తా అడిగేస్తుంది. అడిగితే ఆ చెల్లెలు దొరికిపోతుంది. దొరికిపోతే ఇక ఆ మాట పనికిరాదు. రచయిత్రి కావాలనే అడగనివ్వలేదు." "నేను రోజూ చదువుతున్నా కదా. నాకు తెలుసు."

"అబద్ధమని నీకు ముందే తెలుసా నాయనా?" అందావిడ.

"గుండీ సంగతి తెలియదు. కానీ తనైతే ఆ మాటలు నిజంగా అనేది కాదని తెలుసు. తెలిసే చదువుకున్నాను."

కత్తెరక్క అతని దగ్గరికి వెళ్ళి టీ కప్పు అందుకుంది. ఒక గుటక వేసింది.

"అడగనివ్వకుండా చేయడానికి తలుపు గాలికి కొట్టుకున్నా సరిపోయేది. స్టేషన్ మాస్టరే అక్కర్లేదు."

"గాలికి కొట్టుకుంటే గుమాస్తా లేచి తలుపేసి వచ్చి మళ్ళీ అడుగుతుంది వదినా. మీరు ఆవిణ్ణి సరిగ్గా..."

"అను, అను. పర్వాలేదు."

అనలేదు. నవ్వొచ్చి ఆగిపోయాడు. ఆ రోజు సమావేశం వాళ్ళిద్దరి వాదనతోనే గడిచిపోయింది. మేనేజరుగారు స్టేషన్ మాస్టరు విషయంలో కత్తెరక్క పక్షమని మొట్టమొదటిసారి నలుగురిలో బయటపడ్డారు. రంగుల దుకాణం ఆయన భార్య మరిది పక్షం.

మెట్లెక్కడం మానేసినవాళ్ళలో ఇద్దరు ముగ్గురు ఇప్పటికీ వేరేచోటే జుట్టు కత్తిరించుకుంటున్నారు. గ్రూపులో ఆవిణ్ణి మళ్ళీ చేర్చారు గానీ, వారం తిరక్కుండా ముప్పయ్యో భాగం మీద ఏదో రాసి ఇంకో తగువు తెచ్చుకుంది. సెలూన్లో అద్దం పక్కన "రెండో గొడుగు" ప్రతి ఒకటి ఎప్పుడూ ఉంటుంది. బెంచీ మీద కూర్చున్నవాళ్ళు ఎవరైనా అది తీస్తే, కత్తెరక్క చేతిలో పని ఆపకుండానే చెబుతుంది.

"చదువు, మొదటి సగం బంగారం. ఆఖరి ఇరవై పేజీలకు వచ్చాక నాతో మాట్లాడు. నేనన్నది తప్పనిపిస్తే గట్టిగానే చెప్పు, మొహమాటపడకు."